హోటల్ భోజనం

"రేపు మధ్యాన్నం మన భోజనం హోటల్లోనే" అన్నాడు సొలొమోను, గుమ్మంలో చెప్పులు విడుస్తూ.

మగ్దలీన అప్పుడు వరండాలో చాప మీద కూర్చుని, షెడ్డు నుంచి తెచ్చిన జీడిపప్పు చేటలో పోసి ఏరుతోంది. విరగని గుండు ఒకవైపు, రెండుగా చీలిన బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు. కాశీబుగ్గలో పుట్టి కాశీబుగ్గలోనే మెట్టిన ఆడదానికి ఈ పని కళ్ళు మూసుకున్నా వస్తుంది. గుండు ఊరు దాటి పోతుంది. బద్ద మిఠాయి కొట్లకి పోతుంది. ముక్క ఇంట్లో ఉప్మాలోకి దిగుతుంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో గుండు ఎవరికి, ముక్క ఎవరికి అన్న సంగతి కూడా ఆమెకి అలాగే అలవాటైపోయింది. అయినా హోటలన్న మాట చెవిన పడగానే చేటలో చెయ్యి ఆగిపోయింది.

"మనమా?" అంది.

"మరెవులు? ఆ వియత్నామోళ్ళు ఎల్లుండి ఎల్లిపోతారు కదా. మేడమ్ లానూ, ఆ ఇంజినీరూ, మా తమ్ముడు మనోజూ, మనమూ. బీచి కాడ కొత్త గార్డెన్ రెస్టారెంటు ఎట్టినారు సూడు, అది మొత్తం మనకే బుక్ సేసీసినాను."

రెండు నిమిషాలు ఆమె నిజంగా సంతోషపడింది. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఆమెకి ఒళ్ళు మండేది ఆ రెండు నిమిషాల గురించే. ఆకుపచ్చ చీర కట్టుకుందామా, నీలందా అనుకుంది. తాను ఒలవని రొయ్య, తాను కడగని చేప, తాను గిన్నె తోమక్కర్లేని కూర ఎలా ఉంటుందో అనుకుంది. పెళ్ళయ్యాక హోటల్లో కూర్చుని తిన్న పూటలు వేళ్ళ మీద ఎంచుకుంది. కూతురు జెస్సీ పుట్టినప్పుడు విశాఖపట్నం ఆసుపత్రి క్యాంటీన్లో రెండు ఇడ్లీలు, అది కూడా సగంలో పిల్ల ఏడిస్తే లేచిపోయింది. మామగారి కంటి ఆపరేషనప్పుడు టెక్కలిలో ఒక దోసె. అంతే.

"నువ్వు మాత్రం పొద్దున్న ఏడింటికల్లా ఎల్లిపోవాల" అన్నాడు సొలొమోను, లోపలికి వెళుతూ. "వాళ్ళ కిచెన్ మనకిచ్చీసినారు. వంటోడు ఉంతాడు, తరగడం అదీ ఆడు సేత్తాడు. ఒండడం నువ్వే. హోటలోళ్ళు ఒండితే మన రుచి ఏటొస్తాది?"

మగ్దలీన చేట కింద పెట్టింది. సరిగా వినపడనట్టుగా, మెల్లిగా అడిగింది. "మరి నేను కూకోనా?"

"నువ్వు కూకుంటే వడ్డించీదెవులే?" అని నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు. ఎదుటివాడు తెలియక తప్పు ధర చెప్పినప్పుడు వ్యాపారి నవ్వే జాలి నవ్వు అది.

ఆమె ఇంకొక మాట కూడా అంది. అది వంట సంగతి కాదు, మిషను సంగతి. మేడమ్ లాన్ కంపెనీ వాళ్ళు జీడిపప్పు పొట్టు తీసే కొత్త మిషను తెచ్చి మొన్న షెడ్డులో బిగించారు. నిన్న దాన్ని ఆడించి చూపించారు. పప్పు తెల్లగా, విరక్కుండా ధారలా దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. పొట్టు తీసే ఆడవాళ్ళతోపాటు వెనకాల నిలబడ్డ మగ్దలీన మాత్రం వెళ్ళి డబ్బా అడుగు నుంచి ఒక గుప్పెడు తీసి చూసింది. పైది ఎవడైనా చూస్తాడు, సరుకు నిజం అడుగున ఉంటుంది. అరచేతిలో పప్పు బొద్దుగా, పెద్దగా ఉంది. అది ఉద్దానం గింజ కాదు. ఓడలో వచ్చిన ఆఫ్రికా గింజ. విదేశాల వాళ్ళ ముందు మన గింజ చిన్నగా కనిపిస్తే పరువు పోతుందని సొలొమోను గోడౌన్లో ఉన్న పెద్ద సరుకు తీయించి పోయించాడు. తమ షెడ్డులో ఏడాది పొడుగునా ఆడేది ఉద్దానం గింజే. దాని పొట్టు పప్పుని అంటిపెట్టుకుని ఉంటుంది, బతిమాలి తీయాలి. మిషను బతిమాలదు.

"నిన్న పోసింది మన గింజ కాదు కదండీ. మనది పోసి సూడకుండా సంతకం పెట్టీకండి" అంది.

"నువ్వు రేపు వంట సంగతి సూడు" అన్నాడు లోపల నుంచి.

అంతటితో ఆ మాట అయిపోయినట్టే. కానీ అయిపోలేదని ఆమెకి తెలుసు. రేపు భోజనాలయ్యాక, కాగితాలు బల్ల మీదికి వచ్చాక, ఆయన చెయ్యి కడుక్కునే వంకతో వంటింటి గుమ్మం దాకా వస్తాడు. గొంతు తగ్గించి "ఏటంటావు?" అని అడుగుతాడు. ఆమె చెప్పింది తీసుకుని వెళ్ళి తన మాటగా బల్ల మీద పెడతాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ వ్యాపారం నడిచింది ఆ గుమ్మం దగ్గరి గుసగుస మీదే. ఈసారి ఆ మాట తన నోటితో తనే చెప్పాలని, దాన్ని కుర్చీలో కూర్చుని చెప్పాలని మగ్దలీనకి ఉంది. ఆ ఒక్క కోరికా పోయినేడు వియత్నాంలో పుట్టింది.

పోయినేడు నలుగురు జీడి వ్యాపారులు భార్యలతో సహా ఆ దేశం వెళ్ళారు. మగాళ్ళకి గింజ కొట్టే మిషన్లు చూసే పని. ఆడవాళ్ళకి సరదా అన్నారు. బయల్దేరే ముందు రోజు అత్తగారు కాంతమ్మ దగ్గరుండి పెట్టె సర్దించింది. పన్నెండు కిలోల బియ్యం, కరెంటు కుక్కరు, కందిపొడి, చింతపండు గుజ్జు, ఆవకాయ. "ఓలే పిల్లా, పరాయి దేశంలో మగోడి కడుపు సెడితే పూచీ నీదే" అంది. ఆడదాని కడుపు ఎవరి పూచీయో ఆమె చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మగ్దలీన చీరలకి పెట్టెలో మిగిలింది ఒక మూల. నాలుగు ఇళ్ళ నుంచీ నాలుగు కుక్కర్లు విమానమెక్కాయి.

ఆ హోటల్ గది ఆరో అంతస్తులో ఉండేది. కిటికీలోంచి చూస్తే రోడ్డు పొడుగునా బళ్ళు, ఆ బళ్ళ మీద పొగలు కక్కే గిన్నెలు, చిన్న చిన్న స్టూళ్ళ మీద కూర్చుని ఆడా మగా ఒకటే తినడం. పనస తొనలు అమ్మేవాళ్ళు, కొబ్బరి బోండాలు కొట్టేవాళ్ళు, ఎండు చేపల వాసన, అచ్చం ఉద్దానం లాగే ఉంది, కాకపోతే అక్కడ ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మగ్దలీన ఆరు రోజులూ ఆ వీధిని పైనుంచే చూసింది. కుక్కరు ప్లగ్గు బాత్రూములో అద్దం పక్కన ఉండేది. బియ్యం కడిగేది సింకులో. తరిగేది కమోడు మూత మీద పేపరు పరిచి. వంతులు వేసుకున్నారు. రోజుకి ఇద్దరు ఆడవాళ్ళు అందరికీ వండాలి, మిగతా ఇద్దరూ గిన్నెలు కడగాలి. తోటి వ్యాపారి ఉమామహేష్ భార్య సౌజన్య మూడో రోజున బాత్రూము గట్టు మీద కూర్చుని "అప్పా, పాస్‌పోర్టు తీసింది దీనికా?" అని నవ్వడం మొదలుపెట్టి ఏడుపులోకి దిగింది.

నాలుగో రోజు మగ్దలీన చారుకి తాలింపు వేస్తే పొగ గంట మోగింది. హోటల్ వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఇదంతా ఎవరి పని అని మేనేజరు అడిగితే వరండాలో నిలబడ్డ సొలొమోను వేలు చూపించి "మై వైఫ్" అన్నాడు. ఆ దేశంలో ఆమెని ఆయన ఎవరికైనా పరిచయం చేసింది అదొక్కసారే. అరగంట తరువాత అదే గదిలో, అదే చారు ముందు కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. ఆయన బాప్టిస్టు సంఘంలో పెద్ద, ప్రార్థనకి పేరున్న మనిషి. క్షేమంగా విమానం దింపినందుకు స్తోత్రం చెప్పాడు, వాతావరణానికి చెప్పాడు, కంపెనీ వారి ఆతిథ్యానికి చెప్పాడు. చివర్లో "ఈ ఆహారమును సిద్ధపరచిన చేతులను దీవించుము ప్రభువా" అన్నాడు. ఆమె కళ్ళు తెరిచి తన చేతులు చూసుకుంది. ప్రభువు దీవిస్తూనే ఉన్నాడు పాపం, ఆ చేతులకి ఏనాడూ పని తక్కువవలేదు.

మర్నాడు అందరూ కలిసి మేడమ్ లాన్ వాళ్ళ ఫ్యాక్టరీ చూడ్డానికి వెళ్ళారు. మగాళ్ళు మిషను చుట్టూ నిలబడి ఫోటోలు దిగుతుంటే మగ్దలీన డబ్బా అడుగున చెయ్యి పెట్టి గుప్పెడు తీసింది. ముక్క ఎక్కువుంది. కత్తుల మధ్య సందు పెద్ద గింజకి పెట్టారు. మొగుడి చెవిలో చెప్పింది. సొలొమోను గొంతు సవరించుకుని అదే మాట అందరికీ వినపడేలా చెప్పాడు. ఇంజినీరు బిత్తరపోయి సందు మార్చాడు. ముక్క తగ్గింది. మేడమ్ లాన్ సొలొమోను చెయ్యి పట్టుకుని ఊపి, మీలాంటి అనుభవజ్ఞుడిని చూడలేదంది. ఆ సంతోషంలో కంపెనీ వాళ్ళు అందరికీ పెద్ద రెస్టారెంటులో మధ్యాహ్న భోజనం పెట్టారు.

అందరికీ అంటే నలుగురు మగాళ్ళకి. "మీకు ఆ తిండి పడదు, బస్సులో కూకుని పులిహోర తినీండి, గంటలో వచ్చేత్తాం" అని సొలొమోను చెప్పాడు. డ్రైవరు ఏసీ ఆపేసి తన తిండికి తాను పోయాడు. అద్దాల గోడ వెనకాల భర్తలు కనిపిస్తున్నారు. పీతలు వచ్చాయి, రొయ్యలు వచ్చాయి, కొబ్బరి బోండాంలో ఏదో కూర వచ్చింది. ఎండలో నిలబెట్టిన బస్సులో నలుగురు ఆడవాళ్ళు చెమటలు కక్కుతూ పొద్దున్న బాత్రూములో కలిపిన పులిహోర తిన్నారు. ఆ పులిహోర కూడా పులిసింది. గంటన్నరకి మగాళ్ళు పళ్ళు కుట్టుకుంటూ వచ్చారు. "ఏటీ బాగోనేదు. ఉప్పు నేదు, కారం నేదు. మీరే అదృష్టవంతులు" అన్నాడు సొలొమోను. "పెరుగన్నం ఏటైనా మిగిలిందేటి?" ఆమె క్యారేజీ తీసి పెట్టింది. ఈ రోజుకీ ఆమెకి ఆయన మీద కోపం ఒక వంతయితే, ఆ క్యారేజీ మూత తీసిన తన చేతి మీద కోపం మూడు వంతులు.

*

పొద్దున్న ఏడింటికి మగ్దలీన రెస్టారెంటు వెనక గుమ్మం లోంచి లోపలికి వెళ్ళింది. ముందు గుమ్మం ఇంకా తియ్యలేదు. సరుగుడు తోపు మధ్యలో తాటాకు గొడుగులు, వాటి కింద బల్లలు, అటుపైన ఇసుక, సముద్రం. చూడ్డానికి బాగుంది. వంటగదికి మాత్రం కిటికీ పెరడు వైపు పెట్టారు. సముద్రం కనపడదు.

వంటవాడు తిరుమలరావు టెక్కలి మనిషి, యాభై దాటినవాడు. తన పొయ్యి ఇంకొకరికి ఇమ్మన్నందుకు మొదట ముఖం ముడుచుకున్నాడు. ఆమె పచ్చి జీడిగింజల బస్తా విప్పి, చేతులకి కొబ్బరినూనె రాసుకుని, గింజని కత్తిపీట మీద చీల్చి జీడి సొన చర్మానికి తగలకుండా లోపలి లేత పప్పుని పుల్లతో తీస్తుంటే కాసేపు చూశాడు. తను కూడా నాలుగు చీల్చాడు. ఐదోదానికి సొన చిమ్మి వేలు కాలింది.

"ఓలమ్మో! ఇది వంటా, శిక్షా అమ్మగారూ?"

"తినీవోళ్ళకి వంట" అంది మగ్దలీన.

తిరుమలరావు గట్టిగా నవ్వి దగ్గరికి జరిగాడు. "ఒక మాట అడుగుతాను కోపం తెచ్చుకోకండి. నేను పొద్దున్న ఆరుకొచ్చి, నాలుగుకి ఎల్లిపోతాను. ఆదివారం సెలవు. నచ్చకపోతే మానీసి ఇంకో హోటలుకి పోతాను. మీకెలాగండీ?"

"నాకు హోటలొకటే" అంది. నవ్వించడానికి అన్నది కాదు గానీ అతను నవ్వాడు, ఆమె కూడా నవ్వింది.

పన్నెండయ్యేసరికి పచ్చి జీడిపప్పు వేసిన కోడికూర, పనసపొట్టు కూర, రొయ్యల ఇగురు, నెత్తళ్ళ వేపుడు, కొబ్బరి పచ్చడి, చారు తయారయ్యాయి. బయట కారు తలుపులు పడిన చప్పుడు వినిపించింది. మేడమ్ లాన్ యాభై ఏళ్ళ మనిషి, పొట్టిగా, జుట్టు కత్తిరించుకుని, చేతిలో పెద్ద బ్యాగుతో ఉంది. పక్కన ఇంజినీరు. సొలొమోను ఇస్త్రీ తెల్ల చొక్కాలో, మరిది మనోజ్ కొత్త బూట్లలో ఉన్నారు. బల్ల చుట్టూ ఆరు కుర్చీలు. కూర్చున్నది నలుగురు.

సొలొమోను లేచి నిలబడి ప్రార్థన చేశాడు. అతిథులు కూడా తలలు వంచారు. సిద్ధపరచిన చేతుల దగ్గరికి వచ్చేసరికి మగ్దలీన ఆ చేతులతో వేడి కూరగిన్నె పట్టుకుని, ఆమేన్ ఎప్పుడొస్తుందా అని చూస్తోంది. వేళ్ళు కాలుతున్నాయి. ప్రార్థన పొడుగ్గా సాగింది.

వడ్డన మొదలయ్యింది. మనోజ్ ఇంగ్లీషులో ఒక్కో కూర గురించి చెబుతున్నాడు. ఇది మా అన్నయ్య ఇష్టం, ఇది మా అమ్మ చేసే పద్ధతి, ఇది మా వంశంలోదే. మధ్యలో ఆగి "వదినా, మేడమ్‌కి జీడిపప్పు కూర మళ్ళీ వెయ్" అంటున్నాడు. మేడమ్ లాన్ చెంచా పక్కన పెట్టి చేత్తో తినడం మొదలుపెట్టింది. పనసపొట్టు నోట్లో పెట్టుకుని, ఆగి, కళ్ళు పెద్దవి చేసి ఇంజినీరుతో ఏదో చెప్పింది. వాళ్ళ ఊళ్ళోనూ పనస ఇలాగే వండుతారేమో అని మగ్దలీనకి అనిపించింది. అడిగే వీలు లేదు. అడగడానికి కూర్చోవాలి.

"మజ్జిగేది? మనుషులు కూకుంటే లోపల ఏటి సేత్తన్నావు, మొద్దులాగ" అన్నాడు సొలొమోను. అతిథులకి తెలుగు రాదు గనుక ముఖం నిండా నవ్వు పెట్టుకునే అన్నాడు. ఆ నవ్వు చూసి ఇంజినీరు కూడా మగ్దలీన వైపు తిరిగి మర్యాదగా నవ్వాడు. ఇంట్లో తిడితే తిట్టులాగే ఉంటుంది. ఇలా నవ్వుకి చుట్టి తిడితే ఎదుటివాడు కూడా దానికి నవ్వు ఇస్తాడు. ఆమె లోపలికి వెళ్ళి మజ్జిగ కుండ పట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలబడింది. కుండ మొహాన కొట్టే ఆడది తనలో లేదని ఆమెకి తెలుసు. అది లేకపోవడం మంచితనమా, భయమా అన్నది మాత్రం ఇంతవరకు తేల్చుకోలేదు.

భోజనాలయ్యాయి. చేతులు కడుక్కున్నాక మగాళ్ళు మిషను గురించి మాటల్లో పడ్డారు. మేడమ్ లాన్ లేచి, బ్యాగు చేతిలోనే పట్టుకుని నేరుగా వంటగదిలోకి వచ్చింది. మగ్దలీన తడిచెయ్యి చీరకి తుడుచుకుంది. ఆమె ఫోను తీసి తన భాషలో ఏదో చెప్పి ముందుకి చాపింది. ఫోనులోంచి ఒక ఆడగొంతు వార్తలు చదివినట్టు తెలుగులో పలికింది.

"మీ వంట చాలా రుచిగా ఉంది. ధన్యవాదాలు. మీరు మాతో కూర్చుని తినలేరని నాకు తెలుసు. మీ మతంలో వివాహిత స్త్రీలు పరాయివారి ముందు భోజనం చేయరని, మీరు బయటి ఆహారం ముట్టనని ప్రమాణం చేశారని మీ భర్త పోయిన సంవత్సరం చెప్పారు. ఆ రోజు మా రెస్టారెంటులో మీ నలుగురు స్త్రీలకు కూడా కుర్చీలు వేయించాను. తర్వాత తీయించాను. మీ ప్రమాణాన్ని నేను గౌరవిస్తాను."

తిరుమలరావు గిన్నె కడగడం ఆపేశాడు. "నేను బయట ఉంతానమ్మా" అని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

కుర్చీలు వేయించిందట. మగ్దలీన తలలో ఆ ఒక్క మాటే తిరిగింది. ఇన్నాళ్ళూ ఆమె అనుకున్నది వేరు. విదేశం వాళ్ళ పద్ధతేమో, వ్యాపారం భోజనానికి ఆడవాళ్ళని పిలవరేమో, మనమే అడుగు తగ్గి ఉండాలేమో అని తనకి తానే నచ్చజెప్పుకుని, సౌజన్యకి కూడా నచ్చజెప్పింది. ఎండలో ఆ బస్సులో కూర్చున్నంతసేపూ అద్దాల అవతల తన పేరు మీద ఒక కుర్చీ ఉంది. దాని మీద ఒక చెయ్యి పడి, పక్కకి లాగేసింది. లాగిన చెయ్యి పరాయిది కాదు. పైగా దానికి దేవుణ్ణి అడ్డం పెట్టాడు. క్రిస్మస్‌నాడు సంఘం ప్రేమవిందులో నాలుగు వందల మంది మధ్యలో బాసింపట్టు వేసుకుని తినే ఆడది ఆమె! ఏ మతంలో ఉంది ఈ నియమం? ఆమె చేసిన ప్రమాణం జీవితంలో ఒక్కటే, పాస్టరు గారి ముందు, పెళ్ళినాడు. కలిమిలోనూ లేమిలోనూ అన్నారు గానీ కుర్చీ ఉన్నా నిలబడి ఉంటానని అందులో ఎక్కడా లేదు. ఆకలిని దోచుకున్నాడంటే ఒక లెక్క, అది రోజూ జరిగేదే. ఆ దోపిడీకి ఆమె పేరుతో ఒక వ్రతం కూడా పుట్టించి, దాన్ని ఆమె గొప్పగా చాటి, ఎదుటివాళ్ళ చేత గౌరవింపజేశాడు. తన మీద ఇలాంటి అబద్ధం ఒకటి ఏడాదిగా సముద్రం అవతల తిరుగుతోందని తెలిస్తే ఏ వ్యాపారి అయినా ఊరుకుంటాడా? సరుకు మీద తప్పుడు పేరు అంటిస్తే కేసు పెడతారు. మనిషి మీద అంటిస్తే ఏం చేస్తారు?

మేడమ్ లాన్ ఎదురు చూస్తోంది. మగ్దలీన ఫోను దగ్గరికి వంగి, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"నేను ఏ ప్రమాణమూ చెయ్యలేదు. ఆ రోజు నాకు ఆకలి వేసింది."

ఫోను తన పని తాను చేసింది. మేడమ్ లాన్ విని, తెర మీద అక్షరాలు మళ్ళీ చదివి, తలెత్తింది. ఆమె ముఖంలో జాలి లేదు, అది మగ్దలీనకి నచ్చింది. మోసపోయిన వ్యాపారి ముఖం అది. ఇద్దరూ ఒకే అబద్ధం కొన్నారు.

"ఇంకొక మాట" అంది మగ్దలీన. "మొన్న మిషన్లో పోసింది మా గింజ కాదు. మా గింజ చిన్నది. దాని సంగతి నేను చెప్పాలి. ముందు భోజనం చేస్తాను, తర్వాత చెబుతాను. అంతవరకు కాగితాలు తియ్యకండి."

మేడమ్ లాన్ ఫోనులో ఒక్క ముక్క పలికింది. "ఎదురు చూస్తాను" అని చదివింది ఆడగొంతు. బ్యాగు జిప్పు మూసి, బల్ల దగ్గరికి తిరిగి వెళ్ళి కూర్చుంది.

పది నిమిషాలు కాలేదు, సొలొమోను గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఒక భుజం లోపల, ఒక భుజం బయట, ఎప్పటిలాగే.

"ఏటే, ఆవిడ కాయితాలు తియ్యడం నేదు. బ్యాగు ఒళ్ళో ఎట్టుకుని కూకుంది. నువ్వేటంటావు, పెట్టీమంటావా సంతకం?" అన్నాడు గొంతు తగ్గించి.

"పోయినేడు మా కుర్చీలు ఎందుకు తీయించీసినారు?" అంది మగ్దలీన. గొంతు తగ్గించలేదు.

"ఏటి కుర్చీలు?" అన్నాడు. బయటికి చూశాడు, లోపలికి చూశాడు. "ఓ అదా! మీకు ఆ తిండి పడదనే కదే. మీ మంచికే. అయినా అక్కడ జనం ఎక్కువైపోయినారు. ఆడోళ్ళు కూకుంటే వ్యాపారం మాటలు సాగవు కూడానూ."

ఒకదానికి మూడు కారణాలు చెప్పాడు. బేరంలో మూడు కారణాలు చెప్పేవాడి దగ్గర సరుకు ఉండదన్న మాట ఆమెకి నేర్పింది ఆయనే.

"నేను వ్రతం పట్టినానని సెప్పినారట."

"నెమ్మది, నెమ్మది! ఇంటారు. ఊరికే మాట వరసకి అన్నాను. ఇప్పుడేటి దానికి? ఇంటికెళ్ళాక మాటాడుకుందాం. ముందు సెప్పు, సంతకం సంగతేటి?"

ఇంటికెళ్ళాక. ఆ ఇంట్లో తర్వాత అన్నది ఎన్నడూ రాలేదు. ఇంటికెళ్ళాక గిన్నెలుంటాయి, అత్తగారికి మాత్రలుంటాయి, రేపటికి నానబెట్టాల్సిన పప్పు ఉంటుంది. మగ్దలీన కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది, మోచేతుల దాకా, నిదానంగా. నూనె జిడ్డు పోయేదాకా సబ్బు రుద్దింది. నడుముకి దోపిన కొంగు తీసి భుజం మీదికి వేసుకుంది. తోమిన పళ్ళేల్లోంచి ఒకటి తీసుకుని, గుమ్మంలో సగం అడ్డంగా నిలబడ్డ మొగుణ్ణి చూసింది. ఆయన తప్పుకున్నాడు. తప్పుకోవాలని అనుకుని తప్పుకోలేదు, ఆమె ఆగదని అర్థమై తప్పుకున్నాడు.

ఆమె వెళ్ళి మేడమ్ లాన్ పక్కన ఖాళీ కుర్చీలో కూర్చుంది. అక్కడి నుంచి సముద్రం బాగా కనిపిస్తోంది.

"వదినా, ఏటి కావాల? నేను తెత్తాను కదా" అని మనోజ్ సగం లేచాడు.

"నువ్ కూకో మనోజ్" అంది. "నేనింకా తిన్నేదు. తిన్నాక మిషను గురించి మాటాడాల. నేను సెప్పింది సెప్పినట్టు ఇంగ్లీషులో సెప్పాల నువ్వు. నీ సొంతది కలపకు."

మనోజ్ అన్న వైపు చూశాడు. అన్న గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఇంజినీరు ఫోను జేబులో పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. మేడమ్ లాన్ తన ముందున్న కూరగిన్నెల మూతలు ఒక్కొక్కటీ తీసి మగ్దలీన వైపు జరిపింది. అంతసేపూ మూల నిలబడ్డ సర్వరు కుర్రాడు అన్నం గిన్నె పట్టుకుని పరుగున వచ్చాడు.

"నువ్వు కాదు నాయనా. గిన్నె ఆరికియ్యి" అంది మగ్దలీన.

సర్వరుకి అర్థం కాలేదు. ఆమె చూసిన వైపు చూశాడు. వెళ్ళి సొలొమోను చేతిలో అన్నం గిన్నె పెట్టాడు.

"ఏటిది? అందరూ సూత్తన్నారు" అన్నాడు సొలొమోను. నవ్వు మొహం పెట్టుకుందామని చూశాడు గానీ అది కుదురుకోలేదు.

"సూడనీండి. అన్నం పెట్టండి. ఆకలేత్తంది."

సంతకం కావాలి, కాగితాలు బ్యాగులో ఉన్నాయి, బ్యాగు మేడమ్ ఒళ్ళో ఉంది, మేడమ్ మగ్దలీన పళ్ళెం వైపు చూస్తోంది. సొలొమోనుకి బేరం తెలుసు. ఎక్కడ పట్టు పడిందో తెలుసుకోవడానికి ఆయనకి ఎంతోసేపు పట్టలేదు. నాలుగడుగులు వేసి భార్య పక్కకి వచ్చాడు. గరిటెతో అన్నం తీశాడు. తీసి, పళ్ళెం మీదికి తెచ్చి, అక్కడ ఆగిపోయాడు. కొంచెం తగ్గించాడు. మళ్ళీ కొంచెం కలిపాడు. గింజల బస్తాని ఒక్కసారి కాలితో తన్ని కిలోతో సహా బరువు చెప్పగలడని పలాస నుంచి టెక్కలి దాకా పేరున్న మనిషి, చెమట తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, వంగి చిన్న గొంతుతో అడిగాడు.

"ఎంత పెట్టాల?"

ఇరవై రెండేళ్ళు. రోజుకి రెండు పూటలు.

మగ్దలీన తలెత్తలేదు. పళ్ళేన్ని రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది.

"నేను సాలనీదాకా" అంది.